మాటల్లేని జట్టు

ఫోన్‌లో ఆ ఆట బొమ్మ మీద వేలు పెట్టి కాసేపు నొక్కితే, తీసేయమంటావా అని అడుగుతుంది. తీసేయమని నేను చాలాసార్లు చెప్పాను. మరునాడు పొద్దున్నే మళ్ళీ ఎక్కించుకున్నాను. ఇది చూసి చూసి మా ఆవిడ, నేను "ఇగ ఆడను" అంటే తల ఎత్తడం కూడా మానేసింది. కూరగాయలు తరుగుతూ "సరే" అనేది. ఆ "సరే" వింటే నాకు ఇంకా మండేది.

నాకు నలభై దాటాయి. సూర్యాపేటలో పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు నాది. ఇంత వయసొచ్చి ఫోన్‌లో తుపాకీ పట్టుకొని పరిగెత్తడమేమిటని అడిగేవాళ్ళకు నా దగ్గర మంచి జవాబేమీ లేదు. సాయంత్రం మెషిన్ ఆపి, పనివాళ్ళు వెళ్ళిపోయాక, కుర్చీలో కాళ్ళు చాపుకొని ఆడేవాణ్ణి. మనసు తేలిక పడాలని మొదలుపెట్టిన ఆట, లేచేసరికి తల వేడెక్కించి పంపేది. ఇంటికి పోయి ఆ వేడి అన్నం మీదా చారు మీదా చూపించేవాణ్ణి.

ఆట సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురు ఒక జట్టు. విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. కింద ఖాళీ ఇళ్ళుంటాయి, ఇళ్ళలో తుపాకులుంటాయి. ఒకరినొకరు కాల్చుకుంటూ పోగా చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. మేం చివరికి మిగలడం చాలా అరుదు. గోడ అవతలి మనిషిని గోడలోంచే కాల్చే దొంగాటగాళ్ళుంటారు. మనం సరిగ్గా గురి చూసినప్పుడే నెట్ ఆగిపోతుంది, తిరిగొచ్చేసరికి మనం నేల మీద ఉంటాం. బడిపిల్లలు మనల్ని చంపి మన శవం పక్కన డాన్సు చేస్తారు. నిజంగానే చేస్తారు, దానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది. ఒకసారి కోపమొచ్చి ఫోన్ విసిరేస్తే, ఫ్లెక్సీ చుట్టల మీద పడి బతికిపోయింది.

ఇవన్నీ ఆడేవాళ్ళందరికీ ఉన్న బాధలే. మా జట్టుకు మాత్రం ఇంకో బాధ ఉండేది. అది మేం సొంతంగా తయారుచేసుకున్నది.

మా జట్టులో ఎప్పుడూ ఉండేది ముగ్గురం. నేను, మిర్యాలగూడలో ఉండే మా అన్న, కోదాడలో ఉండే మా బావ. నాలుగోవాణ్ణి ఆటే ఎక్కడినుంచో పట్టుకొచ్చి కలిపేది. అన్న రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. బావ మా అక్క భర్త, హైవే పక్కన లారీలకు సీట్లు కుట్టే షాపు ఆయనది. అన్నకూ నాకూ మధ్య పుట్టింది అక్క. ఇప్పుడు మా మధ్య మిగిలింది కూడా అక్కా బావలే, ఎందుకంటే అన్నకూ నాకూ మాటల్లేవు.

అన్న ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి నన్ను పిలవడానికి రాలేదు. కార్డు ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెద్దనాన్న మనవళ్ళకు ఎలా వచ్చిందో నాకూ అలాగే వచ్చింది. ఆ కార్డు కూడా ఎవరో ఫోన్‌లోనే తయారుచేసింది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. సొంత తమ్ముడు కార్డులు అచ్చేసి బతుకుతుంటే అన్న అలాంటి కార్డు పంచుతాడా? అది కూడా పోనీ అనుకున్నాను. కానీ మా దగ్గర పిలవడమంటే మనిషి రావాలి. కార్డుకు పసుపు రాసి తెచ్చి, ఇంట్లో ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, "తప్పకుండ రావాలె" అని నోటితో చెప్పాలి. తుంగతుర్తి వైపు నుంచి కార్డుల కోసం వచ్చే పార్టీలకు నేనే చెబుతుంటాను, మొదటిది దేవుడి దగ్గర పెట్టండి, తర్వాతది తోడబుట్టినవాళ్ళ ఇంటికి మీరే పట్టుకెళ్ళండి అని. అలా చెప్పే నేను గ్రూపులో ఫోటో చూసి చంకలు గుద్దుకుంటూ పోవాలా? పోలేదు. మా ఇంట్లోంచి ఎవరూ పోలేదు.

అన్న అనుకున్నది వేరు. "ఇంటోన్ని ఎవడన్న పిలుస్తడా? పిలిచేది బయటోళ్ళను. ఆడు రెండ్రోజుల ముందుగాలనే వచ్చి టెంటు ఏపియ్యాలె. బొట్టు పెట్టలేదని అలిగి ఇంట్ల కూసుంటడా?" అని అక్కతో అన్నాడట. పూజలో కూర్చున్నప్పుడు కూడా గేటు వైపే చూశాడని అక్క చెప్పింది. చూస్తే చూశాడు, వచ్చి పిలవొచ్చు కదా అన్నాను నేను. ఇప్పటికీ అదే అంటాను.

గొడవకు ముందునుంచే మేం ముగ్గురం కలిసి ఆడేవాళ్ళం. గొడవయ్యాక కొన్నాళ్ళు ఎవరం తెరవలేదు. ఒక సాయంత్రం బావ జట్టు కట్టి ఇద్దరికీ కబురు పెట్టాడు. ఇద్దరం వచ్చాం. ఒకరి పేరు పక్కన ఒకరి పేరు చూసుకున్నాం. ఎవరమూ వెళ్ళిపోలేదు, ఎవరమూ నోరు విప్పలేదు.

మాటల్లేని ఇళ్ళలో ఎలా నడుస్తుందో మా వైపు అందరికీ తెలిసిందే. "అన్నం పెట్టినని మీ నాయనకు చెప్పు" అని తల్లి కూతురితో అంటుంది. ఆ నాయన ఎదురుగానే, పీట మీద కూర్చుని ఉంటాడు. కూతురు చెప్పేదాకా చెయ్యి కడగడు. సరిగ్గా ఆ పద్ధతినే మేం ఆటలోకి పట్టుకొచ్చాం. ముగ్గురి చెవుల్లోనూ ముగ్గురి గొంతూ వినపడుతూనే ఉంటుంది. అయినా నేను "బావా, మేడ మీద ఒకడున్నడని అన్నకు చెప్పు" అనేవాణ్ణి. అన్న వింటాడు, కానీ విన్నట్టు ఉండకూడదు. బావ చెప్పేదాకా కదలడు. బావ కోదాడ మనిషి, నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా మాట్లాడతాడు. "బావా, అదిగో ఆ మేడ మీద ఎవడో ఉన్నాడంట, కాస్త చూసుకో" అని ఆయన ముగించేలోపు మేడ మీదివాడు మా అన్నను పడగొట్టేసేవాడు.

"జర ముందుగాల చెప్పాలె అని ఆనికి చెప్పు బావా" అనేవాడు అన్న.

"ముందుగాలనే చెప్పిన. ఆయనకు చెవులున్నయి గదా అని అడుగు బావా" అనేవాణ్ణి నేను.

"నేను సీట్లు కుట్టుకునేవాణ్ణి. నన్ను పోస్టాఫీసు చేసి పెట్టారు మీ ఇద్దరూ" అనేవాడు బావ. నాలుగోవాడు ఎవడైనా సరే, ఈ వ్యవహారం అర్థంకాక మధ్యలోనే వెళ్ళిపోయేవాడు. ఎన్నో నెలలు కష్టపడి ఎక్కిన మెట్లన్నీ దిగిపోయి, మొదటిరోజు ఆడేవాళ్ళ పక్కన వచ్చి నిలబడ్డాం. నేను ఆట తీసేయడం, మళ్ళీ ఎక్కించుకోవడం ఆ రోజుల్లోనే ఎక్కువైంది.

మళ్ళీ ఎందుకు ఎక్కించుకునేవాణ్ణో చెప్పాలి. ఆటలో తూటా తగిలితే వెంటనే చావం. పాకుతూ ఉంటాం, ప్రాణం కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటుంది. జట్టులో ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే మళ్ళీ లేస్తాం. లేపేవాడికి ఆ కాసేపు చేతిలో తుపాకీ ఉండదు, ఎవరైనా సులభంగా కాల్చొచ్చు. నేను పడ్డప్పుడల్లా అన్న వచ్చేవాడు. బావ దగ్గర్లో ఉన్నా, అన్న దూరంలో ఉన్నా, వచ్చేది అన్నే. కొండ దిగి, రోడ్డు దాటి, తూటాల మధ్య అడ్డంగా పరిగెత్తుకొచ్చి నా పక్కన కూర్చునేవాడు. లేపాక ఒక్క మాట అనకుండా తన దారిన పోయేవాడు. నిజం ఇంటికి నడిచి రాని మనిషి, లేని కొండ దిగి వచ్చేవాడు. ఫోన్ పట్టుకొని ఏడవలేక, బావతో ఏదో ఒక పనికిమాలిన మాట అనేవాణ్ణి.

కాబట్టి ఆట మానేయాలా వద్దా అనేది నాకు ఆట గురించిన ప్రశ్న కాదు. మానేస్తే కోపం తగ్గుతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మా ఆవిడ "సరే"కు విలువ వస్తుంది. కానీ మానేస్తే అన్న పోతాడు. ఆయన గొంతు వినే చోటు నాకు ఇంకెక్కడా లేదు.

ఈ ఊగిసలాట ఎటూ తేలకముందే అక్క తేల్చేసింది. ఒకరోజు దూకడానికి విమానంలో ఉన్నాం. బావ ఫోన్‌లోంచి బావ గొంతు బదులు అక్క గొంతు వచ్చింది.

"ఇద్దరు ఇంటున్నరా? రేపటి సంది మీ బావ రాడు. సందేల షాపుల గిరాకి ఇడిసిపెట్టి మీ ముచ్చట్లు మోసుకుంట తిరుగుతుండు. మీకు నోర్లున్నయి. మాట్లాడుకుంటె మాట్లాడుకోండ్రి, లేకుంటె ఖతం చెయ్యిండ్రి" అంది. ఏళ్ళుగా కోదాడలో ఉన్నా కోపమొస్తే అక్క భాష సూర్యాపేటకే వస్తుంది.

అన్న "గది కాదమ్మా" అని ఏదో అనబోయాడు. బావ పేరు తెర మీదినుంచి మాయమైంది. మేమిద్దరం కూడా దూకకుండానే బయటికొచ్చేశాం.

మరునాడు సాయంత్రం నేను తెరిచాను. అన్న కూడా తెరిచి ఉన్నాడు. ఇద్దరం, ఆట పట్టుకొచ్చిన ఇద్దరు కొత్తవాళ్ళు. వాళ్ళలో ఒకడు దిగీ దిగగానే చచ్చిపోయాడు. మిగిలినవాడు హిందీ మాట్లాడే మనిషి, గొంతును బట్టి పెద్దవాడే. అన్నా నేనూ పక్కపక్క ఇళ్ళలో దిగాం. ఒకరి చప్పుడు ఒకరికి వినపడుతోంది, అంతకు మించి ఏమీ లేదు. అలా చాలాసేపు నడిచాం. బాగానే ఆడాం కూడా. మధ్యలో చెప్పేవాడు లేకపోవడంతో ఎవరి కళ్ళతో వాళ్ళం చూసుకోవాల్సి వచ్చింది.

అంతలో అన్న పడిపోయాడు. ఎక్కడ పడ్డాడో నాకు తెర మీద తెలుస్తోంది. కాల్చినవాడు ఎక్కడ దాక్కున్నాడో మాత్రం అన్నకే తెలుసు. నాకు చెప్పాలి. చెవిలో ఆయన ఊపిరి వినపడుతోంది. అప్పుడు మా అన్న నోరు తెరిచి, ఆ ముక్కూ మొహం తెలియని హిందీ ఆయనతో, "భాయ్, ఉస్కో బోలో, పానీ టాంకీ కే పీఛే హై" అన్నాడు.

నీళ్ళ ట్యాంకు వెనకాల ఉన్నాడని నాకు చెప్పమంటున్నాడు. ఆ మనిషి "వో సున్ రహా హై నా? ఖుద్ బోలో" అన్నాడు. వాడు వింటూనే ఉన్నాడుగా, నువ్వే చెప్పు అని. మా అన్న చెప్పలేదు.

నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. కానీ నాతో ఎవరూ చెప్పలేదు కాబట్టి నాకు తెలియనట్టే లెక్క. ఆ హిందీ ఆయన నాతో అని ఉంటే ట్యాంకు వైపు తుపాకీ తిప్పేవాణ్ణి. అనలేదు. నేను ట్యాంకు వైపు చూడకుండా, వీపు దానికే పెట్టి, పరిగెత్తుకెళ్ళి అన్న పక్కన కూర్చున్నాను. ట్యాంకు వెనకనుంచి వచ్చినవాడు ఇద్దర్నీ ఒక్క చోటే కాల్చేశాడు. హిందీ ఆయన "అజీబ్ లోగ్ హై" అని వెళ్ళిపోయాడు. వింత మనుషులని. తెర మీద మా ఇద్దరి పేర్లూ కాసేపు అలాగే ఉన్నాయి. ముందు ఆయనది పోయింది.

షాపులో ఒక్కణ్ణే కూర్చున్నాను. మొదట నవ్వొచ్చింది. తర్వాత నా మీద నాకు చెడ్డ కోపం వచ్చింది. ప్రాణం కాపాడే మాట చెవిలో పడ్డాక కూడా అది నా కోసం కాదన్నట్టు నడిచిపోయాను, అది కూడా నన్ను లేపడానికి ప్రతిసారీ వచ్చిన మనిషిని లేపడానికి పోతూ. అప్పుడు ఒక సంగతి తట్టింది. ఈ ఆట వల్ల అన్న నాకు మిగిలాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అసలు ఈ ఆట ఉండబట్టే మేం ఇంత హాయిగా మాట్లాడకుండా ఉండగలిగాం. రోజూ గొంతు వింటున్నాం, పడితే లేపుకుంటున్నాం, ఇంకేం కావాలి? ఎవరూ ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. ఎవరూ తగ్గక్కర్లేదు. ఆకలి చచ్చేటట్టు రోజూ ఇంత చిరుతిండి తిని, భోజనానికి పోకుండా ఉన్నట్టుంది మా వ్యవహారం.

ఆట తీసేశాను. ఈసారి మా ఆవిడకు చెప్పలేదు.

ఇది ధైర్యంగా చేసిన పనేం కాదు. భయపడుతూనే చేశాను. ఆట లేకపోతే ఆయన రాడు, నేను పోను, అంతటితో అయిపోతే? సాయంత్రం మెషిన్ ఆగగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. కాసేపు పాత ఫ్లెక్సీ డిజైన్లు చూసి పెట్టేసేవాణ్ణి. అన్న నుంచి ఫోన్ రాలేదు. అన్న ఏమన్నా అన్నాడా అని బావను అడిగితే, "నన్ను మళ్ళీ మధ్యలోకి లాగొద్దు బామ్మర్దీ, మీ అక్క ఇక్కడే ఉంది" అన్నాడు. మిర్యాలగూడలో ఏదైనా పార్టీకి కార్డులు ఇచ్చే పనుంటే బాగుండునని చూశాను. ఏ పనీ తగల్లేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఏ పనీ లేకుండానే షాపు మూసి మిర్యాలగూడ బస్సెక్కాను.

బస్సు దిగి ఆటోవాడికి కాలనీ పేరు చెప్పాను. ఆ పేరు నాకు తెలిసింది గ్రూపులో వచ్చిన ఆ కార్డులోంచే. మిల్లుల వెనక కొత్తగా వెలిసిన కాలనీ, గాలిలో ఉడికిన వడ్ల వాసన. ఆటో వెళ్ళిపోయాక నిలబడి చూస్తే అన్నీ ఒక్కలాంటి ఇళ్ళే, అన్నిటికీ ఒకే రకం గేట్లు. మిల్లు ఎలక్ట్రీషియన్ ఇల్లు ఏదని బట్టలు ఆరేస్తున్న ఆమెను అడిగితే, "ఏ మిల్లు? గీ గల్లీల ముగ్గురున్నరు" అంది. ఆ ఆటలోని దీవిలో ఏ ఇంటికి వెనక తలుపుందో, ఏ ఇంటి మెట్లు ఎటు తిరుగుతాయో కళ్ళు మూసుకొని చెప్పగలను. మా అన్న కట్టుకున్న ఇల్లు ఏదో నాకు తెలియదు. ఆ ఎండలో, ఆ వీధి మధ్యలో, అది నాకు చాలా సిగ్గుగా, చాలా దుఃఖంగా అనిపించింది.

ఫోన్ తీసి చేశాను. ఎత్తాడు.

"అన్నా" అన్నాను. "మీ కాలనీల ఉన్న. నీ ఇల్లు ఏదో తెలుస్తలేదు."

నా వెనకాలే ఒక గేటు చప్పుడైంది. తిరిగి చూస్తే బనీను మీద, ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకొని అన్న నిలబడి ఉన్నాడు. నేను ఆ ఇంటి ముందే రెండుసార్లు నడిచాను. జుట్టు నెరిసింది. ఆటలో మనిషి కనపడడు కదా, నాకు తెలియలేదు.

లోపలికి పోయాక వదిన మంచినీళ్ళు ఇచ్చింది. నేను వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్టు కూడా కనపడకుండా జాగ్రత్తగా వంటింట్లోకి పోయింది. అన్న ఎదురుగా కూర్చొని గోడ వైపు చూస్తూ, "గేమ్ తీసేసినవా?" అన్నాడు.

"తీసేసిన."

"చెప్పాలె గద. నేను రోజు తెరిసి కూసుంటున్న. నీ పేరు పక్కన పచ్చ సుక్క వస్తదేమో అని సూసుడు, బందు చేసుడు. ఆరోగ్యం గిట్ల ఖరాబైందేమో అనుకున్న."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానితోపాటే కోపం కూడా తన్నుకొచ్చింది, నేనంతే. "అట్ల అనుకుంటె ఫోన్ చెయ్యొద్దా?" అన్నాను.

"నువ్వు చెయ్యొద్దా? ఇల్లు పట్టుకున్ననాడు నువ్వు రావద్దా?"

"నువ్వు పిలిస్తె గద వచ్చేది. గ్రూపుల ఫోటో ఏస్తె పిలిచినట్టా?"

"నిన్ను పిలిచేదేంది, నువ్వు బయటోనివా?"

ఇగ మొదలైంది. కార్డు దగ్గరినుంచి ఎత్తుకొని, చిన్నప్పటి సైకిల్ దాకా పోయాం. పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి చూశారు. ఇద్దరం లేచి నిలబడ్డాం, ఇద్దరం ఒకేసారి మాట్లాడుతున్నాం, నా మాట ఆయన మొహం మీదికే, ఆయన మాట నా మొహం మీదికే. ఆయన చూపు ఇప్పుడు గోడ మీద లేదు. ఒక్క మాట కూడా ఎవరి చుట్టూ తిరిగి రాలేదు. ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. తప్పు ఎవరిదో తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

వదిన రెండు కంచాలు తెచ్చి మా మధ్య పెట్టింది. "ముందుగాల తినుండ్రి. తిన్నంక కొట్లాడుకుందురు" అంది.

అన్న కూర్చొని నా కంచంలో కూర వేశాడు. ఉప్పు తక్కువైందా అని నన్నే అడిగాడు.